రిజిస్ట్రీలో చెత్త ఉంటే ఊడ్చేయకూడదా?

కంప్యూటర్ కొన్న కొత్తలో చకచకా తెరుచుకుంటుంది. మూడేళ్లు తిరిగేసరికి ఆన్ చేసి కాఫీ కలుపుకొని వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఎవరినైనా అడిగితే ఒక సలహా తప్పకుండా వస్తుంది: "రిజిస్ట్రీలో చెత్త పేరుకుంది, క్లీనర్ వేసి కొట్టేయండి." ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుని స్కాన్ నొక్కగానే ఎర్ర అక్షరాల్లో వందల కొద్దీ "లోపాలు" వరస కడతాయి. వాటి కింద ఒక పెద్ద బటన్ ఉంటుంది, అన్నిటినీ ఒక్క దెబ్బకి సరిచేస్తానంటుంది. భయపడ్డ మనిషి దాన్ని నొక్కకుండా ఆగడం కష్టం.

ఆ బటన్ నొక్కవద్దని నా మాట. ఎందుకో చెప్పకుండా వద్దంటే ఎవరూ వినరు, వినాల్సిన పని కూడా లేదు. కాబట్టి ఒక్కొక్క ప్రశ్నా తీసుకుందాం.

అసలు రిజిస్ట్రీ అంటే ఏమిటి?

విండోస్ తన గురించి, తనలో ఎక్కిన ప్రోగ్రాముల గురించి రాసి పెట్టుకునే డేటాబేస్. ఇది మొదటి నుంచీ లేదు. పాత విండోస్‌లో ప్రతి ప్రోగ్రాముకీ ఐఎన్ఐ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉండేది. విండోస్‌కి సొంతంగా విన్ ఐఎన్ఐ, సిస్టమ్ ఐఎన్ఐ అని రెండు ఉండేవి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదవగలిగేవారు, దిద్దగలిగేవారు. కానీ ఒక్కో ఫైలు 64 కిలోబైట్లకు మించి పెరగడానికి వీల్లేదు, ఒకే కంప్యూటర్‌ను నలుగురు వాడితే ఎవరి సెట్టింగులు వాళ్లకు విడిగా ఉంచే దారి లేదు, ఎవరు ఏది మార్చవచ్చో కట్టడి లేదు.

1992లో వచ్చిన విండోస్ 3.1లో రిజిస్ట్రీ చిన్న రూపంలో మొదలైంది. ఏ రకం ఫైలు ఏ ప్రోగ్రాములో తెరుచుకోవాలి వంటి కొద్ది సంగతులే అందులో ఉండేవి. 1993లో విండోస్ ఎన్‌టీ, 1995లో విండోస్ 95 దాన్ని మొత్తం వ్యవస్థకే ఆధారంగా మార్చాయి. ఈ రోజు మీ కంప్యూటర్‌లో సిస్టమ్32 లోపలి కాన్ఫిగ్ ఫోల్డరులో సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అనే ఫైళ్లున్నాయి. మీ పేరిట ఉన్న యూజర్ ఫోల్డరులో ఎన్‌టీయూజర్ డాట్ డ్యాట్ అని ఇంకొకటి దాగి ఉంది. వీటన్నిటినీ కలిపి ఒకే చెట్టులా చూపించే కిటికీ పేరు రెజ్‌ఎడిట్. చెట్టులో ప్రతి కొమ్మ ఒక కీ. ఆ కీ లోపల పేరు, విలువ జంటగా రాసి ఉన్నది వాల్యూ.

ఇందులో లేనిదేమిటని అడగడం సులభం. కంప్యూటర్ లేచేటప్పుడు ఏ డ్రైవర్ ముందు, ఏది వెనక. ప్రింటర్ ఏ పోర్టులో ఉంది. పీడీఎఫ్ మీద రెండుసార్లు నొక్కితే ఏది తెరవాలి. మీ పాస్‌వర్డ్ హ్యాష్ ఏమిటి, అన్నీ ఇక్కడే. మీరు తెలుగులో టైప్ చేయగలగడం కూడా ఇక్కడి సంగతే. విండోస్ లెక్కలో తెలుగు కీబోర్డు సంఖ్య 0000044ఎ. అది మీ ఖాతాలోని ప్రీలోడ్ అనే కీలో రాసి ఉంటే భాష మార్చే చోట తెలుగు కనిపిస్తుంది. ఎక్స్‌పీ కాలంలో వచ్చిన గౌతమి, విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐ, డీటీపీ సెంటర్‌లో ఎక్కించుకున్న తెలుగు ఫాంట్లు, వీటి పేర్లన్నీ ఫాంట్స్ అనే కీలో వరసగా ఉంటాయి. ఎడమవైపు ఫాంటు పేరు, కుడివైపు ఫైలు పేరు. ఆ వరస పోతే ఫైలు డిస్కులో పదిలంగా ఉన్నా ఫాంటుల జాబితాలో అది కనపడదు.

చెత్త పేరుకుంటుందన్నది అబద్ధమా?

అబద్ధం కాదు. ప్రోగ్రామును తీసేసినా దాని గుర్తులు కొన్ని మిగిలిపోతాయి. కారణాలు తెలుసుకుంటే అది అంత అసహజంగా అనిపించదు. మళ్లీ ఎక్కిస్తే మీ పాత సెట్టింగులు పోకుండా ఉండాలని కొందరు తయారీదారులు కావాలనే వదిలేస్తారు. ట్రయల్ గడువు అయిపోయిందన్న సంగతి గుర్తుంచుకోవడానికి కొందరు వదిలేస్తారు. ఇంకోటి చాలామంది గమనించనిది: ఇంట్లో నలుగురికి నాలుగు ఖాతాలుంటే, మీరు లాగిన్ అయి ప్రోగ్రామును తీసేసేటప్పుడు మిగతా ముగ్గురి ఎన్‌టీయూజర్ ఫైళ్లు మామూలుగా తెరిచి ఉండవు. అన్‌ఇన్‌స్టాలర్ వాటి లోపలికి వెళ్లదు. వాళ్ల వైపు సెట్టింగులు అలాగే ఉంటాయి.

అయితే ఆ మిగులు వల్ల కంప్యూటర్ నెమ్మదిస్తుందా?

ఈ సలహా అంతా నిలబడి ఉన్నది ఈ ఒక్క నమ్మకం మీదే కాబట్టి కాస్త ఓపిగ్గా చూద్దాం.

రిజిస్ట్రీని విండోస్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవదు. ప్రోగ్రాముకి ఏదైనా కావాలంటే పూర్తి దారి చెప్పి అడుగుతుంది: సాఫ్ట్‌వేర్ కొమ్మలో, ఫలానా కంపెనీ కింద, ఫలానా ప్రోగ్రాము కింద, ఫలానా వాల్యూ. విండోస్ ఆ దారినే దిగుతుంది. పక్క కొమ్మలో మీరు ఎప్పుడో తీసేసిన ఆటల ప్రోగ్రాము గుర్తులు వంద ఉన్నా, వెయ్యి ఉన్నా ఆ దారికి అడ్డం రావు. ఎవరూ అడగని కీ ఎవరి సమయాన్నీ తినదు.

పరిమాణం సంగతి కూడా అంతే. కొంతకాలం వాడిన కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ అనే ఒక్క ఫైలే పదుల మెగాబైట్లు ఉంటుంది, ఒక్కోసారి వంద దాకా వెళ్తుంది. క్లీనర్ చూపించే కొన్ని వందల ఎంట్రీలు కలిపితే తూగేది కొన్ని పదుల కిలోబైట్లు. పైగా ఒక కీని తొలగిస్తే ఫైలు అప్పటికప్పుడు చిన్నదైపోదు. ఆ చోటు ఖాళీ అని లోపల గుర్తు పెట్టి ఉంచుతుంది, తర్వాత వచ్చే కీ అందులో కూర్చుంటుంది. మీరు తుడిచారన్న తృప్తే తప్ప డిస్కులో తేడా దాదాపు లేదు.

మరి ఈ సలహా ఎలా పుట్టింది? గాలిలోంచి పుట్టలేదు. విండోస్ ఎన్‌టీ, విండోస్ 2000 రోజుల్లో రిజిస్ట్రీ ఫైళ్లను పేజ్డ్ పూల్ అనే మెమరీలో నిలిపేవారు. ఆ మెమరీకి గట్టి హద్దు ఉండేది, రిజిస్ట్రీ మొత్తం పరిమాణానికీ హద్దు ఉండేది. ఒకే సర్వర్ మీద పదుల మంది లాగిన్ అయ్యే చోట అందరి ఫైళ్లూ కలిసి ఆ హద్దును తాకేవి. ఎక్స్‌పీలో ఆ పద్ధతి మార్చారు. ఫైలులో కావలసిన ముక్కను మాత్రమే మెమరీలోకి తెచ్చుకునే ఏర్పాటు వచ్చింది, పాత హద్దు పోయింది. విండోస్ లోపలి నిర్మాణం మీద ప్రామాణిక పుస్తకాలు రాసిన మార్క్ రుసినోవిచ్ 2005లోనే ఈ సంగతి రాశారు. రిజిస్ట్రీ విపరీతంగా ఉబ్బినా, దాన్నంతా గాలించే పనులకు తప్ప మామూలు వాడకానికి చెప్పుకోదగ్గ ఇబ్బంది ఉండదన్నది ఆయన అభిప్రాయం. కారణం పోయి ఇరవై ఏళ్లు దాటింది. సలహా మాత్రం నోటి నుంచి నోటికి నడుస్తూనే ఉంది.

క్లీనర్ దేన్ని చూసి చెత్త అంటుంది?

నన్ను బాగా కలవరపెట్టేది ఇదే. ఏ కీ ఏ ప్రోగ్రాముది అన్న సంగతి రిజిస్ట్రీలో ఎక్కడా రాసి ఉండదు. ఎవరు మార్చవచ్చో చెప్పే అనుమతులు ఉంటాయి గాని, "ఇది ఫలానా ప్రోగ్రాము కోసం, అది పోతే దీన్నీ తీసేయండి" అన్న చీటీ ఉండదు. కాబట్టి క్లీనర్ ఊహిస్తుంది. ఒక ఎంట్రీలో ఏదో ఫైలు దారి ఉంటే, ఆ ఫైలు అక్కడ ఉందా అని చూస్తుంది. కనపడకపోతే చెత్త కింద లెక్క కడుతుంది. ఊళ్లో కనపడడం లేదని అడంగల్‌లో రైతు పేరు కొట్టేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే. ఆయన దుబాయ్‌లో ఉండొచ్చు, కూతురి ఇంటికి వెళ్లి ఉండొచ్చు.

ఫైలు "కనపడకపోవడానికి" మామూలు కారణాలు ఎన్నో. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డేటా షాపులోని ఇంకో కంప్యూటర్‌లో ఉంటుంది, ఆ ఉదయం ఆ కంప్యూటర్ ఇంకా ఆన్ చేయలేదు. ఫోటో స్టూడియోలో ప్లగిన్లు బయటి హార్డ్ డిస్కులో ఉంటాయి, అది అప్పుడు గుచ్చి లేదు. క్లీనర్‌కు ఇవన్నీ చచ్చిన దారులే.

ఇంకో కారణం లోతైనది. 64-బిట్ విండోస్‌లో 32-బిట్ ప్రోగ్రాము సిస్టమ్32 ఫోల్డరు చూపించమని అడిగితే విండోస్ దాన్ని చెప్పకుండా సిస్‌వావ్64 అనే వేరే ఫోల్డరుకి తీసుకెళ్తుంది. పాత ప్రోగ్రాములు పనిచేయడం కోసం చేసిన ఏర్పాటు ఇది. పాత 32-బిట్ క్లీనర్ ఈ సంగతి పట్టించుకోకపోతే, సిస్టమ్32లో నిక్షేపంగా ఉన్న ఫైలు దానికి లేనట్టే తోస్తుంది.

ఇక ఖాళీ ఎంట్రీలు. లోపల ఏమీ రాసి లేదు కాబట్టి పనికిరాదనుకోవడం సహజం. డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ బొమ్మలకు మూలన చిన్న బాణం ఉంటుంది కదా, అది ఈజ్‌షార్ట్‌కట్ అనే వాల్యూ ఉండడం వల్ల వస్తోంది. దాని లోపల విలువ శూన్యం. అది ఉందా లేదా అన్నదే విండోస్ చూసేది. తీసేస్తే బాణం పోవడమే కాదు, టాస్క్‌బార్‌కు ప్రోగ్రాములు పిన్ చేయడం వంటివి కూడా దెబ్బతింటాయి. రిజిస్ట్రీలో ఇలా ఉనికే అర్థమైన కీలు బోలెడు ఉన్నాయి.

అందుకే కొత్తగా విండోస్ ఎక్కించిన కంప్యూటర్ మీద స్కాన్ నడిపినా లోపాల జాబితా వస్తుంది. మీరు ఇంకా ఆన్ చేయని విభాగాల కోసం విండోస్ తనంతట తాను పెట్టుకున్న ఎంట్రీలు కూడా అందులో ఉంటాయి.

పొరపాటున అవసరమైనది పోతే ఏమవుతుంది?

చాలాసార్లు ఏమీ కాదు. ఈ మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే క్లీనర్లకు ఇంత పేరు రావడానికి కారణం అదే. ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితాలు, మెనూ పేర్ల నిల్వలు వంటివి పోతే విండోస్ మళ్లీ రాసుకుంటుంది. పదిసార్లు నొక్కిన వాళ్లకు పదిసార్లూ ఏమీ కాకపోవచ్చు. పదకొండోసారి జరిగేది మాత్రం వెంటనే కనపడదు, అసలు ప్రమాదం అక్కడుంది.

ప్రోగ్రాములను ఎక్కించి, తీసేసే విండోస్ ఇన్‌స్టాలర్ సంగతి తీసుకోండి. అది వాడే ఎంఎస్ఐ రకం ప్రోగ్రామును ఎక్కించినప్పుడు దాని ప్రతి భాగానికీ 32 అక్షరాల కోడ్ పేరుతో ఒక కీ పుడుతుంది. ఆ అక్షరాల వరస కూడా తారుమారు చేసి ఉంటుంది, మనిషి కంటికి అది పిచ్చి గీతల్లా ఉంటుంది. క్లీనర్ వాటిలో కొన్నిటిని ఏరేసిందనుకుందాం. ప్రోగ్రాము మామూలుగానే నడుస్తుంది. మూడు నెలల తర్వాత అప్‌డేట్ వస్తుంది, ఎక్కదు. సరే తీసేసి మళ్లీ వేసుకుందామంటే అన్‌ఇన్‌స్టాల్ కాదు, పాత సెటప్ ఫైలు ఎక్కడుందో చూపించమంటుంది. కొత్త సెటప్ వేయబోతే పాతది ముందు తీసేయమంటుంది. అప్పటికి మూడు నెలల క్రితం నొక్కిన బటన్ ఎవరికి గుర్తుంటుంది? తప్పు అప్‌డేట్ మీదకో ఆ ప్రోగ్రాము మీదకో పోతుంది. చివరికి ఫార్మాట్ కొట్టించుకుంటారు.

ఆడిటర్ల ఆఫీసుల్లో, టెండర్లు వేసే కాంట్రాక్టర్ల దగ్గర డిజిటల్ సంతకం టోకెన్లు ఉంటాయి. యూఎస్‌బీలో గుచ్చగానే విండోస్ ఆ కార్డు రకాన్ని గుర్తుపట్టి, దానితో మాట్లాడే ఫైలు ఏదో రిజిస్ట్రీలోని క్రిప్టోగ్రఫీ కొమ్మలో వెతుకుతుంది. ఆ ఎంట్రీ లేకపోతే టోకెన్ దీపం వెలుగుతూనే ఉంటుంది, సర్టిఫికెట్ మాత్రం జాబితాలో కనిపించకపోవచ్చు. రిటర్న్ దాఖలు చేయడానికి ఆఖరి రోజు సాయంత్రం ఈ సంగతి బయటపడితే పడే యాతన ఊహించండి. కంప్యూటర్ కాస్త వేగంగా లేవాలన్న ఆశకి ఇంత ధర అక్కర్లేదు.

ఇంకా లోపలికి వెళ్తే సిస్టమ్ ఫైలులో సర్వీసెస్ అనే కొమ్మ ఉంది. ప్రతి డ్రైవర్‌కూ అక్కడ స్టార్ట్ అనే వాల్యూ ఉంటుంది. 0 అంటే బూట్ మొదట్లోనే ఎక్కాలి, 4 అంటే అసలు ఎక్కకూడదు. డిస్కును నడిపే డ్రైవర్‌కు ఇది చెడితే విండోస్ తన డిస్కును తానే చదువుకోలేదు, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలితెర వేసి ఆగిపోతుంది. పేరున్న క్లీనర్లు ఇంత లోపల మామూలుగా చేయి పెట్టవు. వీడియో చూసి స్వయంగా తుడిచేవాళ్లకు, పేరూ ఊరూ లేని సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఈ గండం ఎక్కువ. రెజ్‌ఎడిట్‌లో సేవ్ అన్న మాటే లేదు, అన్‌డూ లేదు. డిలీట్ నొక్కి సరే అన్న క్షణం నుంచే ఆ మార్పు అమల్లో ఉన్నట్టు.

ఈ విషయంలో విండోస్ తయారుచేసిన వాళ్ల మాట ఏమిటి?

మైక్రోసాఫ్ట్ కూడా ఒకప్పుడు ఈ దారిలో నడిచింది. 1990లలో రెగ్‌క్లీన్ అనే ఉపకరణాన్ని తానే ఇచ్చి తర్వాత ఉపసంహరించుకుంది. ఇన్‌స్టాలర్ గుర్తులు తుడిచే విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ యుటిలిటీని 2010లో తీసేసింది. కొన్ని సమస్యలు తీరినా ఒక్కోసారి కంప్యూటర్‌లోని ఇతర భాగాలను దెబ్బతీస్తోందన్నది అది చెప్పిన కారణం. తమ సొంత వ్యవస్థ లోపలి గుట్టు తెలిసిన వాళ్లే భద్రంగా తుడవలేకపోయారంటే బయటివాళ్ల ఊహల మీద ఎంత నమ్మకం ఉంచాలో మీరే ఆలోచించండి. ఇప్పుడు ఆ సంస్థ విధానం స్పష్టం: రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని అది సమర్థించదు, వాటి వల్ల వచ్చే సమస్యలకు బాధ్యత వహించదు, అవి పాడుచేసినదాన్ని తిరిగి బాగుచేయగలమన్న హామీ కూడా ఇవ్వదు.

ఉచితంగా ఇస్తున్నారు కదా, వాళ్లకేం లాభం?

భయంలో లాభం ఉంది. 2008లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ రిజిస్ట్రీ క్లీనర్ ఎక్స్‌పీ అనే సాఫ్ట్‌వేర్ అమ్మేవారి మీద కేసు పెట్టారు. రిజిస్ట్రీ పాడైపోయిందని తెర మీద హెచ్చరికలు పంపి 39.95 డాలర్లకు మందు అమ్మడం వాళ్ల పద్ధతి. 2019లో ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ, దాని భాగస్వామి సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడ్డాయి. వాళ్ల పీసీ హెల్త్ చెక్ మొదట మీ కంప్యూటర్ నెమ్మదిగా ఉందా వంటి ప్రశ్నలు నాలుగు అడిగేది. ఏ ఒక్కదానికి టిక్ పెట్టినా చాలు, స్కాన్‌లో ఏమి తేలినా సంబంధం లేకుండా మాల్‌వేర్ గుర్తులు ఉన్నాయని చెప్పేది. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే రెండు సంస్థలు ఇలాంటి ఆరోపణల మీదే 2.6 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాయి.

మన దేశం ఈ వ్యాపారంలో అటువైపూ ఉంది, ఇటువైపూ ఉంది. 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరిట 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదుల మీద పెట్టిన నకిలీ టెక్ సపోర్ట్ కాల్ సెంటర్ల కేసులు కూడా అందులో ఉన్నాయి. అమెరికాలో పెద్ద వయసువాళ్లే ఇలాంటి ఫోన్లకు ఎక్కువగా చిక్కేది, వాళ్లలో పిల్లల దగ్గరికి వెళ్లి ఉంటున్న మన తల్లిదండ్రులు కూడా ఉండొచ్చు. మీ అమ్మానాన్నల కంప్యూటర్‌లో హెచ్చరిక కనిపించి ఫోన్ నంబరు చూపిస్తే, ఆ నంబరుకు చేయవద్దని ముందే చెప్పి ఉంచండి. భారతదేశంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మోసగాళ్లే కాదు, నిజాయితీగా మొదలైనవాటికీ గండాలున్నాయి. లోకమంతా వాడే సీక్లీనర్‌ను 2017లో అవాస్ట్ కొనుక్కుంది. అదే ఏడాది ఆగస్టులో విడుదలైన 5.33 వెర్షన్‌లోకి దుండగులు తయారీ దశలోనే దొంగ కోడ్ చొప్పించారు. సెప్టెంబరులో సంగతి బయటపడేసరికి ఆ వెర్షన్ సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలోకి వెళ్లింది. సిస్టమ్ మొత్తం మీద అధికారం ఇచ్చి నడిపించుకునే సాఫ్ట్‌వేర్ ఎంత అవసరమో ఒకటికి రెండుసార్లు ఆలోచించాలనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

రిజిస్ట్రీలో మిగిలిపోయినది నిజంగా ఇబ్బంది పెట్టే సందర్భాలే లేవా?

ఉన్నాయి. సీడీ రాసే సాఫ్ట్‌వేర్లు ఒకప్పుడు డీవీడీ డ్రైవ్ కీలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే వాల్యూల్లో తమ పేరు చేర్చేవి. సాఫ్ట్‌వేర్ తీసేశాక పేరు మిగిలితే డీవీడీ డ్రైవ్ మై కంప్యూటర్‌లో కనపడకుండా పోయేది. ఆ వాల్యూలు తీసేస్తే తిరిగి వచ్చేది, మైక్రోసాఫ్ట్ కూడా ఆ మందే చెప్పింది. ఇంకోటి: ఆఫీస్ 2016 తీసేసి పాత ఆఫీస్‌కు వెళ్లినవాళ్లకు ఎక్సెల్ టైప్ లైబ్రరీలో 1.9 అనే కీ మిగిలిపోయి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్‌కు పంపబోతే "లైబ్రరీ నాట్ రిజిస్టర్డ్" అని వచ్చేది. ఆ ఒక్క కీ తీస్తే సరిపోయేది.

రెండింటిలోనూ ఏం జరిగిందో చూడండి. ముందు స్పష్టమైన లక్షణం ఉంది, దానికి తెలిసిన కారణం ఉంది, కారణమైన ఒక్క చోటే చేయి పెట్టారు. ఆ ఒక్క చోటు కూడా ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలంటే, డీవీడీ డ్రైవ్‌ల కీ పేరు 4డి36ఇ965 అని మొదలవుతుంది, కీబోర్డుల కీ పేరు 4డి36ఇ96బి అని మొదలవుతుంది. మిగతా అక్షరాలన్నీ ఒకటే. అక్కడా అప్పర్‌ఫిల్టర్స్ ఉంటుంది, అందులో కేబీడీక్లాస్ అని ఉంటుంది. ఒక్క అక్షరం తేడాతో దాన్ని తుడిచేస్తే తర్వాతిసారి కంప్యూటర్ లేచేటప్పటికి కీబోర్డు పనిచేయదు. దానితో పాస్‌వర్డ్ కొట్టడం కూడా కుదరదు.

తప్పనిసరై మార్చాల్సి వస్తే ఎలా?

ముందు రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. స్టార్ట్‌లో రీస్టోర్ పాయింట్ అని వెతికితే సిస్టమ్ ప్రొటెక్షన్ తెర వస్తుంది. చాలా కంప్యూటర్లలో అది ఆపే ఉంటుంది, కాబట్టి సి డ్రైవ్‌కు ఆన్ చేసి, క్రియేట్ నొక్కి పేరు పెట్టండి. తర్వాత రెజ్‌ఎడిట్‌లో మార్చబోయే కీ మీద కుడి బటన్ నొక్కి ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచండి.

ఎక్స్‌పోర్ట్ ఉంది కదా అన్న ధీమా మాత్రం పనికిరాదు. దాన్ని తిరిగి ఎక్కించినప్పుడు పాతవి వచ్చి చేరతాయి గాని, మధ్యలో కొత్తగా పుట్టినవి పోవు. కీల మీద ఉన్న అనుమతులు ఆ ఫైలులోకి ఎక్కవు. పైగా విండోస్ లేవకపోతే దాన్ని రెండుసార్లు నొక్కి ఎక్కించేదెక్కడ? క్లీనర్లు ఇచ్చే బ్యాకప్ ఎక్కువగా ఇలాంటిదే.

ఇంకో పాత సలహా ఇప్పుడు పనిచేయదు. కాన్ఫిగ్ ఫోల్డరులో రెగ్‌బ్యాక్ అనే ఫోల్డరు ఉంటుంది, అక్కడ రిజిస్ట్రీ నకలు ఉంటుంది, దాన్ని తెచ్చి వేస్తే చాలునని అంటారు. 2018లో వచ్చిన విండోస్ 10 1803 నుంచి విండోస్ ఆ నకలు తనంతట తాను తీయడం మానేసింది. ఇప్పుడు ఆ ఫోల్డరు తెరిస్తే ఫైళ్ల పేర్లుంటాయి, పరిమాణం సున్నా కిలోబైట్లు. వాటిని తెచ్చి అసలువాటి మీద వేస్తే ఉన్నది కూడా పోతుంది. పేర్లు చూసి మోసపోకండి, పరిమాణం చూడండి.

ఇప్పటికే నొక్కేశాను. ఇప్పుడెలా?

విండోస్ లేస్తుంటే కంగారు పడవద్దు. క్లీనర్ తన బ్యాకప్ ఫైలు దాచి ఉంటే ముందు దాన్ని తిరిగి ఎక్కించి చూడండి. కుదరకపోతే సిస్టమ్ రీస్టోర్ తెరిచి, క్లీనర్ నడిపిన తేదీకి ముందటి పాయింట్‌ను ఎంచుకోండి. దీనివల్ల మీ ఫోటోలు, డాక్యుమెంట్లు పోవు. ఆ తేదీ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి. అదే క్లీనర్‌ను మళ్లీ నడిపి "బాగుచేయించే" ప్రయత్నం చేయకండి.

విండోస్ లేవకపోతే, వరసగా రెండు మూడుసార్లు బూట్ విఫలమయ్యాక రికవరీ తెర దానంతటదే వస్తుంది. రాకపోతే ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని దానితో లేపి, రిపేర్ యువర్ కంప్యూటర్ ఎంచుకోవచ్చు. సిస్టమ్ రీస్టోర్ అక్కడా ఉంటుంది. ఈ దశలో కొన్ని ల్యాప్‌టాప్‌లు డిస్కుకు తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవాళ్లకు ఆ కీ సాధారణంగా వాళ్ల ఖాతాలోనే ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోండి.

మరి కంప్యూటర్ నెమ్మదించిందన్న మొదటి బాధ అలాగే ఉందే?

దానికి వెతకాల్సిన చోట్లు వేరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. స్టార్టప్ ట్యాబ్‌లో కంప్యూటర్‌తో పాటే లేచే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. మీటింగ్ యాప్‌లు, ప్రింటర్ సహాయకులు, ఆటల లాంచర్లు, అక్కర్లేనివన్నీ డిజేబుల్ చేయండి. ఇది తుడవడం కాదు, ఆపడం. కావాలంటే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఎన్ని ఉన్నాయో చూసి వాడనివి తీసేయండి. డిస్కు నిండితే సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ ఉంది, తాత్కాలిక ఫైళ్లను అది తీస్తుంది. ప్రోగ్రాము తీసేసేటప్పుడు మొండికేస్తే మైక్రోసాఫ్టే ఇచ్చే ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ వాడండి. సిస్టమ్ ఫైళ్లు పాడయ్యాయన్న అనుమానం ఉంటే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపండి.

అదే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూస్తే అసలు జబ్బు చాలాసార్లు కళ్ల ముందే ఉంటుంది. డిస్కు నూరు శాతం దగ్గర ఆడుతూ, దాని పక్కన హెచ్‌డీడీ అని ఉంటే తిరిగే పాత హార్డ్ డిస్కు కంప్యూటర్‌ను వెనక్కి లాగుతోందని అర్థం. అక్కడ ఎస్ఎస్‌డీ వేయిస్తే వచ్చే తేడా ఏ సాఫ్ట్‌వేర్ వల్లా రాదు. నాలుగు జీబీ ర్యామ్ ఉండి అది ఎప్పుడూ నిండుగా కనిపిస్తే ఇంకో నాలుగు జీబీ వేయించండి. సర్వీస్ సెంటర్‌లో పాత డిస్కును కొత్త ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేయమని అడగండి, విండోస్‌తో పాటు మీ తెలుగు ఫాంట్లు, టోకెన్ డ్రైవర్లు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు సెట్టింగులు కూడా అలాగే కొత్త డిస్కులోకి వస్తాయి. ఫార్మాటే చేయాల్సి వస్తే వాటి సెటప్ ఫైళ్లు, లైసెన్స్ కీలు మీ దగ్గర ఉన్నాయో లేదో చూసుకున్నాకే కంప్యూటర్ వాళ్ల చేతికివ్వండి.